పది ఇళ్ళకి పంచాలి, ఏం చేయమంటారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిసెంబరు వచ్చిందంటే బెంగళూరు నుంచి వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడుగుతాయి. పక్క ఫ్లాటువాళ్ళు క్రిస్మస్‌కి కేకు పంపారు, ఆఫీసులో స్నేహితురాలు తను అల్లిన ఉన్ని టోపీ ఇచ్చింది, సంక్రాంతికి ఎదురింటావిడ పళ్ళెం నిండా ఏవేవో పెట్టి తెచ్చింది, నేను తిరిగి ఏమివ్వను, బజార్లో కొని ఇస్తే మనసొప్పడం లేదు అని. తెనాలి నుంచి ఈ ఊరొచ్చి పందొమ్మిదేళ్ళయింది కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను, కింద జవాబులన్నీ దాని మీదే నడుస్తాయి. ఇచ్చే వస్తువు తింటే అయిపోవాలి, లేదా వాడగా వాడగా అరిగిపోవాలి. వాళ్ళ షోకేసులో ఏళ్ళ తరబడి కూర్చుని దుమ్ము తుడిపించుకునేది ఇవ్వకండి. ఈ ఊళ్ళో ఇళ్ళు చిన్నవి, అద్దెలు పెద్దవి, రెండేళ్ళకోసారి మారేవాళ్ళే ఎక్కువ. మన ప్రేమ వాళ్ళకి మోత కాకూడదు కదా.

అక్కా, మొన్ననే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాం. నానఖటాయి బిస్కెట్లు చేస్తే ఒకదానికొకటి అంటుకుని పల్చగా పరుచుకుపోయాయి. రుచి బాగానే ఉంది కానీ ఎవరికీ ఇచ్చేలా లేవు. మా అంతస్తులో, పై అంతస్తులో కలిపి పది ఇళ్ళకి న్యూ ఇయర్‌కి ఇవ్వాలని ఉంది. – ఒక పాఠకురాలు, మారతహళ్ళి

నెయ్యి కరిగించి పోశావు కదమ్మా? ఉత్తరంలో ఆ మాట రాయలేదు గానీ, పరుచుకుపోయాయంటే నూటికి తొంభై సార్లు అదే. నానఖటాయికి కావలసింది పేరిన నెయ్యి, పూస కట్టి గరిటెతో తీస్తే గరిటెకే అంటుకుని ఉండే నెయ్యి. మన కోస్తాలో ఎండాకాలం దాని కోసం ఫ్రిజ్ వెతుక్కోవాలి గానీ బెంగళూరు డిసెంబరులో పొద్దున్నే నెయ్యి దానంతటదే గట్టిగా ఉంటుంది. ఈ చలి నీకు వరం అనుకో.

అర కప్పు నెయ్యి, అర కప్పు పంచదార పొడి గిన్నెలో వేసి విస్కర్‌తో గాని చేత్తో గాని తెల్లబడేదాకా గిలక్కొట్టు. ఐదు నిమిషాలకి రంగు మారుతుంది, పసుపుపచ్చ పోయి మీగడ రంగుకి వస్తుంది, వేలితో తీసుకుంటే బరువు లేకుండా ఉంటుంది. అక్కడ ఆపు. అందులోకి ఒక కప్పు మైదా, పావు కప్పు శనగపిండి, రెండు చెంచాల బొంబాయి రవ్వ, పావు చెంచా తినే సోడా, చిటికెడు ఉప్పు జల్లించి వెయ్యి, యాలకుల పొడి వెయ్యి. ఇక్కడ పిండిని పిసకొద్దు. చపాతీ పిండిలా మర్దిస్తే బిస్కెట్ గట్టిపడుతుంది, మైదాలో ఉన్న జిగురు బయటికొచ్చి గుల్లతనం పోతుంది. వేళ్ళతో దగ్గరికి తీసి ముద్ద కట్టేదాకా చాలు. పొడిపొడిగా ఉంటే ఇంకో చెంచా నెయ్యి వేసుకో, పాలు మాత్రం పోయకు. శనగపిండి మానేయకు, కాలేటప్పుడు ఇల్లంతా మైసూరుపాకు వాసన వచ్చేది దానివల్లే.

నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, కొంచెం నొక్కి, ట్రేలో రెండు వేళ్ళ ఎడం ఉంచి పేర్చు. ఆ ట్రేని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టు. ఇది ఎగ్గొట్టకు, పరుచుకుపోకుండా కాపాడేది ఇదే. ఈలోగా ఓటీజీని 170 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడెక్కించి, పెట్టాక పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు కాల్చు. పైన ఎర్రగా అయ్యేదాకా ఆగితే అడుగు మాడిపోతుంది. పైన సన్నటి బీటలు వచ్చి, అట్లకాడతో ఒకటి ఎత్తి చూస్తే అడుగు లేత గోధుమరంగులో ఉంటే అయిపోయినట్టే. వేడి మీద ముట్టుకుంటే మెత్తగానే ఉంటాయి, ఉడకలేదని మళ్ళీ లోపల పెట్టకు, చల్లారితే వాటంతటవే గట్టిపడతాయి.

ఈ కొలతకి పద్దెనిమిది, ఇరవై వస్తాయి. పది ఇళ్ళకి ఆరేసి చొప్పున అరవై కావాలంటే మూడు నాలుగు వాయిలు. మూడింతలు ఒకేసారి కలిపేయాలనిపిస్తుంది, మొదటిసారికి వద్దు. కొత్త ఓటీజీలో ఒక మూల ఎక్కువ కాలుతుంది, ఇంకో మూల తక్కువ కాలుతుంది, ఏ మూల ఎలాంటిదో తెలియడానికే ఒక వాయి పోతుంది. ఆ వాయి ఇంట్లోవాళ్ళు తింటారు.

సర్దడం దగ్గర చాలామంది తొందరపడతారు. గోరువెచ్చగా ఉండగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల ఆవిరి పట్టి తెల్లారేసరికి మెత్తబడతాయి. జల్లెడ మీద గంట ఆరనివ్వు. ఇంకో సంగతి, నీ సొంత స్టీలు డబ్బాలో పెట్టి ఇస్తే అవతలివాళ్ళు దాన్ని ఖాళీగా తిరిగి పంపరు. గిన్నె ఖాళీగా పంపకూడదన్న పట్టింపు మనకే కాదు, కన్నడవాళ్ళకీ తమిళులకీ కూడా ఉంది. కొత్తగా పరిచయమైన ఇంటికి డబ్బా పంపితే పాపం వాళ్ళకి అదో టెన్షన్. అలాంటి ఇళ్ళకి బటర్ పేపర్ పొట్లం కట్టి దారం ముడివేసి ఇవ్వు. రాకపోకలు పెరగాలని నీకే అనిపించే ఇల్లు ఏదైనా ఉంటే, దానికి మాత్రం డబ్బాలోనే పంపు.

మేడమ్, మా బాబు పుట్టినరోజుకి గుడ్డు లేని కేకు కుక్కర్లో చేశాను. బాగా పొంగింది, దించాక మధ్యలో గుంట పడిపోయింది. బాబు స్నేహితుల ముందు పెట్టలేక మళ్ళీ బేకరీకి పరిగెత్తాను. ఎక్కడ తప్పు జరిగింది? – ఒక అమ్మ, వైట్‌ఫీల్డ్

మీరు రాసిన కొలత చూశాను, ఒకటిన్నర కప్పు మైదాకి రెండు చెంచాల సోడా వేశారు. తప్పు అక్కడే జరిగింది. సోడా ఎక్కువైతే కేకు గబగబా పొంగుతుంది, లోపల పిండి ఉడికి నిలబడేలోపే ఆ గాలి కాస్తా పోతుంది, గుంట పడుతుంది. ఆ కొలతకి అర చెంచా సోడా, ఒకటింబావు చెంచా బేకింగ్ పౌడరు చాలు. ఒక కప్పు పెరుగు, అర కప్పు నూనె, ముప్పావు కప్పు పంచదార, వెనిలా ఎసెన్సు. పెరుగూ సోడా కలిసిన క్షణం నుంచే బుడగలు మొదలవుతాయి కాబట్టి పిండి కలిపి పక్కన పెట్టి ఫోను మాట్లాడి వచ్చి గిన్నెలో పోస్తే లాభం లేదు. పొయ్యి మీద కుక్కర్ ముందే వేడెక్కి సిద్ధంగా ఉండాలి, గిన్నెకి నెయ్యి రాసి ఉండాలి, ఆ తర్వాతే తడి పిండిలో పొడి పిండి కలపాలి.

కుక్కర్ గురించి ఒక మాట. రోజూ పప్పు వండే మంచి కుక్కర్ వాడకండి, నీళ్ళు లేకుండా గంటసేపు కాలితే పాడవుతుంది. మందపాటి పాత దాక, దానికి బరువైన మూత ఉంటే చాలు. అడుగున రెండు గుప్పెళ్ళ ఉప్పు పరిచి, దానిమీద చిన్న స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడిచేసి, కేకు గిన్నె లోపల పెట్టి, సన్న సెగ మీద నలభై ఐదు నిమిషాలు. కుక్కరే వాడాల్సి వస్తే గాస్కెట్టూ విజిలూ తీసేసి పెట్టాలి, ఇది మర్చిపోతే ప్రమాదం. మొదటి అరగంట మూత తీయొద్దు. ఆ తర్వాత చీపురుపుల్ల లాంటి సన్న పుల్ల మధ్యలో గుచ్చి చూడండి, తడి అంటకుండా వస్తే దించండి.

మీ బేకింగ్ పౌడరు పాతదైతే అసలు పొంగే పొంగదు. నాకు ఈ దెబ్బ ఒకసారి తగిలింది. ఒక దుకాణంలో గడువు దాటిన డబ్బా అంటగట్టారు, నేను చూసుకోలేదు, పన్నెండు మందికి చేసిన కేకు ఇటుకలా అయింది. అప్పటి నుంచి ప్రతిసారీ అర చెంచా పౌడరు వేడినీళ్ళలో వేసి చూస్తాను, బుసబుసా నురగ రావాలి. సోడా అయితే నిమ్మరసం పిండి చూస్తే తెలిసిపోతుంది.

ఇక గుంట పడిన కేకు పారేయాల్సిన పనే లేదు, బేకరీకి పరిగెత్తాల్సిన పని అంతకన్నా లేదు. మీరున్నది బెంగళూరులో అండీ. ఇక్కడ వీధికో అయ్యంగార్ బేకరీ ఉంది, అక్కడ హనీ కేకు తినని పిల్లాడు లేడు. దాన్ని గుర్తు తెచ్చుకోండి. కేకు పైభాగం రంపపు కత్తితో సమంగా కోసేయండి, గుంట పోతుంది. అర కప్పు నీళ్ళలో పావు కప్పు పంచదార కరిగించి, చల్లారాక రెండు చెంచాల తేనె కలిపి, పుల్లతో కేకంతా గుచ్చి చెంచాతో నెమ్మదిగా పోయండి. నాలుగు చెంచాల మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్‌లో రెండు చెంచాల వేడినీళ్ళు కలిపి పైన పూయండి, ఎండుకొబ్బరి పొడి చల్లండి. చతురస్రాలుగా కోసి కాగితం కప్పుల్లో పెడితే, అది కూలిన కేకని ఎవరూ కనుక్కోలేరు. నిజానికి అలా తడిసిన కేకు మర్నాడు ఇంకా బాగుంటుంది, కోసిన పైముక్కలు మీరూ బాబూ తినేయండి.

అక్కా, నేను బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాను. గదిలో పొయ్యి లేదు, ఎలక్ట్రిక్ కెటిల్ కూడా పెట్టుకోనివ్వరు. మూడేళ్ళుగా నాతో ఉన్న రూమ్మేటు ఇప్పుడు పుణెకి వెళ్ళిపోతున్నాడు. నా చేత్తో ఏదైనా చేసి ఇవ్వాలని ఉంది. నాకు బొమ్మలు గీయడం రాదు. – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

తమ్ముడూ, బొమ్మలు గీయడం అక్కర్లేదు, సూదిలో దారం ఎక్కించడం వస్తే చాలు. నోటుపుస్తకం కుట్టి ఇవ్వు.

ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకో. ఒక్కొక్కటి సగానికి మడిచి, ఒకదాంట్లో ఒకటి దోపు. పదహారు ఆకులు, ముప్పై రెండు పేజీల పుస్తకం అవుతుంది. అట్టకి పాత క్యాలెండరు దళసరి కాగితం బాగుంటుంది, లేదంటే అవెన్యూ రోడ్డుకి వెళ్ళు, పాత పుస్తకాలతో పాటు రకరకాల కాగితాలు, అట్టలు అక్కడ షీట్ల లెక్కన దొరుకుతాయి. ఆదివారం వద్దు, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. అట్ట కూడా మడిచి కాగితాలకి తొడుగు. ఇప్పుడు పుస్తకం తెరిచి మడత మీద మూడు చోట్ల దబ్బనంతో రంధ్రాలు చెయ్యి. ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండూ దానికి పైన, కింద సమానమైన దూరంలో. అట్టతో సహా గుచ్చుకోవాలి.

దారం బొంతలు కుట్టే లాంటి లావుపాటిది తీసుకుని, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగు, చిక్కు పడదు. పుస్తకం ఎత్తుకి మూడింతలు పొడవుంటే చాలు. లోపలి వైపు నుంచి మధ్య రంధ్రంలో సూది గుచ్చి బయటికి లాగు, లోపల బెత్తెడు దారం వదిలెయ్యి. బయట నుంచి పై రంధ్రంలోంచి లోపలికి రా. లోపల మధ్య రంధ్రాన్ని దాటుకుని సూటిగా కింది రంధ్రానికి వెళ్ళి బయటికి తియ్యి. బయట నుంచి మళ్ళీ మధ్య రంధ్రంలోకి రా. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉన్నాయి, వాటి మధ్యలో పొడుగాటి కుట్టు ఉంది చూడు, ఒక కొస దానికి ఇటు, ఒక కొస అటు ఉండేలా చూసి రెండింటినీ బిగించి ముడెయ్యి. కాగితం చిరగకుండా, దారాన్ని ఎప్పుడూ మడత వెంబడే లాగాలి, పైకి ఎత్తి లాగకూడదు. మొదటిది వంకరగా వస్తే ఇంకొకటి కుట్టు, అరగంట పని.

మొదటి నాలుగు పేజీలు నువ్వు రాసి ఇవ్వు. మూడేళ్ళలో మీరిద్దరూ కలిసి తిన్న దర్శినుల (నిలబడి తినే చిన్న హోటళ్ళ) పేర్లు, అర్ధరాత్రి టీ తాగిన చోట్లు, అతను నీకిచ్చిన అప్పూ, నువ్వు తీర్చిందీ. మిగతావి ఖాళీగా వదిలెయ్యి. పుణె వెళ్ళాక ఇంటి అద్దె లెక్కలో, పాలవాడి లెక్కలో రాసుకుంటాడు, రాసినకొద్దీ నీ పేజీలు తిరగేస్తూనే ఉంటాడు.

సువాసన కొవ్వొత్తులు చేసి స్నేహితులకిద్దామని మైనం కొన్నాను. వెనిలా ఎసెన్సు కలిపితే అడుగున నీళ్ళలా దిగిపోయింది. వత్తి కూడా కాసేపు వెలిగి ఆరిపోతోంది. – జయనగర్

వంటకి వాడే ఎసెన్సు మైనంలో కలవదు, కొవ్వొత్తుల కోసమే అమ్మే సువాసన నూనె కావాలి. నూరు గ్రాముల మైనానికి ఆరేడు గ్రాములు మించనీయకండి, ఎక్కువైతే వత్తి పొగ చిమ్ముతుంది. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. నీళ్ళు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. పొరపాటున అంటుకుంటే నీళ్ళు చల్లకండి, మంట పైకి ఎగసి మీద పడుతుంది, మూత పెట్టి స్టవ్ ఆపేయండి. వత్తి ఆరిపోతోందంటే కప్పు వెడల్పుకి వత్తి సన్నదై ఉంటుంది, లేదా రంగు కోసం క్రేయాన్ వేసి ఉంటారు, ఆ రంగు వత్తిలోకి ఎక్కి కరిగిన మైనాన్ని పీల్చనివ్వదు. పాత గాజు గ్లాసుల్లో పోయకండి, వేడికి పగలొచ్చు. అంచు విరిగిన పింగాణీ కాఫీ కప్పులు చక్కగా పనికొస్తాయి. ఇచ్చేటప్పుడు ఒక చీటీ మీద, మొదటిసారి వెలిగించినప్పుడు పైపొర అంచుదాకా కరిగేవరకు ఆర్పకండి అని రాసి పెట్టండి. లేకపోతే మధ్యలో గొయ్యిలా దిగిపోయి చుట్టూ మైనం వృథాగా మిగిలిపోతుంది.

నమస్తే అండీ. పెళ్ళయి బెంగళూరు వచ్చిన మొదటి సంక్రాంతికి చుట్టుపక్కల కన్నడవాళ్ళు ఏడుగురు పళ్ళేలు తెచ్చారు. నువ్వులు, బెల్లం, ఏవో చక్కెర బొమ్మలు. నా దగ్గర ఏమీ లేక బొట్టుపెట్టి చాక్లెట్లు చేతిలో పెట్టాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఈసారి ఏం చేయమంటారు? – రాజరాజేశ్వరి నగర్

సిగ్గుపడకమ్మా, నేనూ మొదటి ఏడాది అదే పని చేశాను, తేడా ఏమిటంటే నేను ఇచ్చింది ఆపిల్ పళ్ళు. వాళ్ళు తెచ్చింది ఎళ్ళు బెల్ల. ఎళ్ళు అంటే నువ్వులు. ఇంటింటికీ పళ్ళేలు పట్టుకెళ్ళి పంచడాన్ని ఎళ్ళు బీరోదు అంటారు. పళ్ళెంలో ఎళ్ళు బెల్ల పొట్లంతో పాటు సక్కరె అచ్చు, అంటే కొయ్య అచ్చుల్లో పాకం పోసి తీసిన చక్కెర బొమ్మలు, చెరుకు ముక్క, అరటిపళ్ళు, తాంబూలం, ఎలచి హణ్ణు ఉంటాయి. ఎలచి హణ్ణు అంటే ఏమిటో తెలుసా, మన రేగుపళ్ళే. మనం భోగినాడు పిల్లల తల మీద పోసేవి, వాళ్ళు మర్నాడు పళ్ళెంలో పెట్టిస్తారు. ఇస్తూ అనే మాట “ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి”, నువ్వులూ బెల్లం తిని మంచి మాటలాడండి అని. వాళ్ళు ఆ మాట అన్నప్పుడు నువ్వూ అదే తిరిగి అనేసెయ్యి, కన్నడం ఎంత వచ్చీరాకపోయినా ఫర్వాలేదు, ముఖాలు ఎలా వెలుగుతాయో చూడు.

ఈసారి నువ్వూ ఎళ్ళు బెల్ల కలుపు. పొయ్యి పని తక్కువ, ఓపిక పని ఎక్కువ. ఎండుకొబ్బరి చిప్ప పైన గోధుమరంగు పొర పీలర్‌తో గీసి, తెల్లటి భాగాన్ని చిన్న పలుకులుగా తరగాలి. అచ్చుబెల్లం కూడా అదే సైజుకి, శనగగింజంత ముక్కలుగా. మెత్తటి బెల్లం పనికిరాదు, చెమర్చి అన్నిటినీ అంటుకుంటుంది. ఈ రెండిటినీ పల్చటి గుడ్డ కప్పి రెండు రోజులు ఎండలో పెట్టాలి. వేరుశనగపప్పు వేయించి పొట్టు ఊది బద్దలు చెయ్యాలి. పుట్నాలపప్పు ఊరికే వెచ్చచేస్తే చాలు. తెల్ల నువ్వులు సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి పూర్తిగా చల్లార్చాలి. కొబ్బరి, బెల్లం, వేరుశనగ, పుట్నాలు ఒక్కో కప్పు అయితే నువ్వులు అర కప్పు. వేడి ఏమాత్రం ఉన్నా బెల్లం కరుగుతుంది కాబట్టి అన్నీ చల్లారాకే కలుపు. ఏడెనిమిది ఇళ్ళకి ఇది సరిపోతుంది. కొబ్బరి తరగడానికే ఒక సాయంత్రం పడుతుంది, మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టు.

గాంధీ బజార్‌లో, మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో కలిపి పెట్టినవి కిలోల లెక్కన అమ్ముతారు, చాలామంది అవే కొంటున్నారు. కానీ తిన్నవాళ్ళకి తెలుస్తుంది. చేత్తో తరిగిన కొబ్బరికి ఒక తీపి ఉంటుంది, నోట్లో కరకరలాడే తీరు వేరు. సక్కరె అచ్చు మాత్రం కొనుక్కో. ఆ పాకం పాలతో విరిచి తేర్చి, తడిపిన అచ్చుల్లో సరిగ్గా సమయానికి పోయాలి. పక్కింటావిడ చేస్తుంటే రెండేళ్ళు కూర్చుని చూశాను గానీ ఇప్పటికీ నాకు పట్టుబడలేదు.

దానితో పాటు మనదైనది ఒకటి పెట్టు. అరిసెలు చేయడం వస్తే సరే, రాకపోతే చిమ్మిలి. పాకం పట్టక్కర్లేదు. రెండు కప్పుల తెల్ల నువ్వులు వేయించి చల్లార్చి, ఒక కప్పు తరిగిన బెల్లం, రెండు యాలకులు వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పు. ఒకేసారి తిప్పేస్తే నూనె ఊరి ముద్దలా అవుతుంది. కొంచెం పలుకు ఉండగానే తీసి, పిడికిట్లో నొక్కితే దానంతటదే ఉండ అవుతుంది. రోట్లో దంచగలిగితే ఆ రుచికి సాటి లేదు, ఫ్లాట్‌లో కింది ఇంటివాళ్ళు ఊరుకోరనుకో. నల్ల నువ్వులతో చేయకు, చాలా ఇళ్ళలో వాటిని తద్దినాలకీ శనికీ తప్ప వాడరు, పండగపూట ఇస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు.

పోయినేడాది మా కింది అంతస్తులో ఎనభై దాటిన కన్నడ ముసలావిడ నా చిమ్మిలి ఉండ కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, చిగళి అంది. వాళ్ళకీ ఉందట, చిగళి ఉండె, నాగర పంచమికి చేస్తారట. మనం నాగులచవితికి చేసేదే. ఆవిడా నేనూ ఒకరి భాష ఒకరికి సరిగా రాకుండానే ఆ మధ్యాహ్నమంతా నువ్వుల గురించి మాట్లాడుకున్నాం.

నా బిస్కెట్లు అందరూ మెచ్చుకుంటున్నారు. అమ్మడం మొదలుపెట్టమంటున్నారు. పెట్టొచ్చా? – హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

పెట్టొచ్చు, ఇంట్లోంచి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. కానీ అమ్మడం, పంచడం వేరువేరు పనులు. అమ్మేవాళ్ళకి ప్రతి వాయీ ఒకేలా రావాలి, తూకం ఉండాలి, జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్ళ కోసం ఏమేం వేశారో రాసి అంటించాలి. ఆ చివరిది పంచేవాళ్ళూ చేయాలి నిజానికి. పిల్లలకి వేరుశనగ పడని ఇళ్ళు ఉంటాయి, ఇచ్చేముందు ఒక్కమాట అడగండి. ఆర్నెల్లు స్నేహితులకి పంచి, ఎవరెవరు మళ్ళీ అడిగారో లెక్క రాసుకోండి. మెచ్చుకున్నవాళ్ళ లెక్క వద్దు.

అమ్మా, నేను రేపల్లె దగ్గర బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఆర్నెల్లుగా ఎలక్ట్రానిక్ సిటీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నాకు కొబ్బరాకుతో బూరలు, గాలిచక్రాలు, వాచీలు చేయడం వచ్చు. అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి చేసిద్దామని ఉంది. ఫోన్లు చూసుకునే పిల్లలకి ఇవి ఆనతాయా? చూసి నవ్వుతారేమో.

మాస్టారూ, నవ్వరు, నా మాట నమ్మండి. ఈ ఉత్తరాలన్నిటిలో నాకు అన్నిటికంటే నచ్చింది మీదే. పిల్లలు ఫోను చూసేది చేతికి వేరే పని లేకే.

ఆకు ఎక్కడిదన్నది ఒకటే చిక్కు. మీ అపార్ట్‌మెంట్‌లో కొబ్బరిచెట్లు ఉండే ఉంటాయి, కాయలు దింపడానికి రెండు మూడు నెలలకోసారి మనిషి వస్తాడు. ఏ రోజు వస్తాడో సెక్యూరిటీ అతన్ని అడిగి పెట్టుకోండి. మట్టలు నరికి కింద పడేస్తే హౌస్‌కీపింగ్‌వాళ్ళు గంటలో ఊడ్చేస్తారు కాబట్టి అక్కడే నిలబడి రెండు లేత మట్టలు పక్కకి తీయించుకోండి. ఇంటికి తెచ్చి ఆకులు ఈనెలతో సహా తడిగుడ్డలో చుట్టి పెడితే రెండు రోజులు మెత్తగా ఉంటాయి. ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

మీరు చేసి ఇవ్వకండి, వాళ్ళ చేత చేయించండి. మొదట వాచీ పెట్టండి, ఈనె తీసేసిన రెండు పాయలు ఒకదాని మీద ఒకటి మడిచే ఆ అల్లిక ఆరేళ్ళవాడికీ వస్తుంది. చేతికి కట్టుకున్నాక టైమెంతయిందిరా అని అడగండి. బూర తర్వాత. ఆకు పాయని ఏటవాలుగా చుట్టుకుంటూ వెళ్ళి, చివర ఈనె ముక్కతో గుచ్చి, సన్నటి కొసలో పీక నొక్కి పెట్టడం పెద్దపిల్లలకే అవుతుంది. అది మోగిన క్షణం నుంచి మీ అంతస్తులో ఎవరికీ మధ్యాహ్నం నిద్ర ఉండదు, ఆ మాట కోడలిగారికి ముందే చెప్పి ఉంచండి. గాలిచక్రాలు మాత్రం టెర్రస్ మీద కాకుండా కింద ఖాళీ జాగాలో చేయించండి, పరిగెత్తాలి కదా.

రెండు రోజుల్లో ఎండి ముడుచుకుపోతాయి. పోనివ్వండి. ఎండిపోయిందని మళ్ళీ మీ తలుపు కొడతారు. జనవరి రెండోవారం చలికి ఆకు తొందరగా వాడదు, భోగి ముందు ఆదివారం పొద్దున పదింటికి కింద పార్కులో కూర్చుంటున్నానని లిఫ్టులో ఒక కాగితం అంటించండి. కన్నడంలో రాయించడానికి సెక్యూరిటీ అతను సాయం చేస్తాడు. పది మంది పిల్లలకి రెండు మట్టలు చాలవు, నాలుగు తీయించండి.